ముందు నీళ్ల సంగతి అడిగిన దుకాణం

నేను దేవరకొండలో ఇంటి వద్దే కుట్టుపని చేస్తాను. మా అబ్బాయి ఇంటర్ చదివేటప్పుడు గప్పీలనే చిన్న రంగు చేపలతో మొదలుపెట్టిన గాజు తొట్టి, వాడు ఇంజనీరింగ్‌కని హైదరాబాదు వెళ్లాక నా చేతికి వచ్చింది. కుట్టు మిషనుకు ఎదురుగా పెట్టుకున్నాను. జాకెట్లకు హుక్కులు కుడుతూ తల ఎత్తినప్పుడల్లా కళ్లకు చల్లగా ఉండేది. గప్పీల నుంచి ఏంజెల్ చేపలకు, అక్కడి నుంచి పళ్లెంలా గుండ్రంగా ఉండే అమెజాన్ చేప డిస్కస్‌కు ఆశ పెరిగింది. మన వైపు డిస్కస్ పెంచాలనుకునేవాళ్లకు పనికివస్తుందని, రెండేళ్లుగా నేను వెళ్తున్న నల్గొండ దుకాణం గురించి రాస్తున్నాను.

దానికి ముందు జరిగిన నష్టం కూడా చెప్పాలి. మొదటిసారి వేరే ఊళ్లో ఒక పెద్ద దుకాణంలో రెండు డిస్కస్ పిల్లలు కొన్నాను. బిస్కెట్టంత కూడా లేవు, కానీ నిప్పుకణికల్లా ఎర్రగా ఉన్నాయి. ఆ రంగు చూసే మోసపోయాను. అంత చిన్న వయసులో డిస్కస్‌కు నిండు రంగు రాదనీ, హార్మోను కలిపిన మేతతో ముందే రంగు తెప్పిస్తారనీ నాకప్పుడు తెలియదు. నెలన్నరలో రంగు వెలిసిపోయింది. రెండింటిలో ఒకటి రెండోదాన్ని తరిమి తరిమి మూలకు నెట్టింది. మూలకు పోయింది నల్లబడి, మేత మాని, తెల్లటి దారంలా మలం వదులుతూ చనిపోయింది. ఇంకో నెలకు మిగిలినదీ పోయింది. "రెండు చాలమ్మా, హాయిగా ఉంటాయి" అని అమ్మినవాళ్లు చెప్పారు. డిస్కస్ గుంపులో బతికే చేప. అయిదారు ఉంటేనే ఒకదాని పెత్తనం అన్నింటి మీదా తలా కొంచెంగా పంచుకుపోతుంది. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే రెండు ప్రాణాలు మిగిలేవి.

నల్గొండ దుకాణం క్లాక్ టవర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. పేరు బోర్డు లేదు, చేప బొమ్మ గీసిన రేకు ఒకటి వేలాడుతుంది. ముందు గదిలో గోల్డ్‌ఫిష్, మేత డబ్బాలు, రంగు రాళ్లు, అన్ని చోట్లా ఉండేవే. వెనక గదిలోకి వెళ్తే అడుగున రాళ్లు లేని తొట్లు, వాటిలో డిస్కస్. యజమాని ముప్పై ఏళ్ల కుర్రవాడు. 2024 ఫిబ్రవరిలో మొదటిసారి వెళ్లినప్పుడు, ధర చెప్పమంటే ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అక్కా, మీ ఇంట్లో ఏ నీళ్లు? బోరా, నల్లానా?"

నల్గొండ జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ ప్రశ్న ఊరికే తగలదు. మా మేనత్తది మర్రిగూడ మండలం. బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తో ఆమె మోకాళ్లు వంగిపోయాయి, చివరి పదేళ్లు మెడ తిప్పి పక్కకు చూడలేకపోయింది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు "నల్గొండ టెక్నిక్" అని మా జిల్లా పేరే పెట్టారు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా ఇంటి వెనక బోరు అలాగే ఉంది, అప్పట్లో తొట్టికి నేను ఆ నీళ్లే పోసేదాన్ని. సంగతి విని ఆ అబ్బాయి రెండు సీసాల్లో రెండు రకాల నీళ్లూ తెచ్చి చూపించమన్నాడు. వారం తర్వాత తీసుకెళ్లాను. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే బోరు నీళ్లు 940, నల్లా నీళ్లు 280 చూపించాయి. "మనుషులే తట్టుకోలేని నీళ్లు, అమెజాన్ చేప ఎలా తట్టుకుంటుందక్కా? నల్లా నీళ్లు పట్టి ఒక రోజంతా గాలి కొట్టించండి, క్లోరిన్ పోతుంది. పెంచడానికి అవి చాలు. గుడ్లు పెట్టించాలంటే మాత్రం ఇంకా మెత్తటి, లవణాలు తక్కువున్న నీళ్లు కావాలి" అన్నాడు.

ఆ రోజు కూడా చేపలు అమ్మలేదు. నా రెండడుగుల తొట్టి ఆరు డిస్కస్‌లకు చాలదన్నాడు. పెరిగిన చేప ఒక్కోదానికి నలభై లీటర్ల లెక్కన నాలుగడుగుల తొట్టి ఉండాలి. అందులో స్పాంజ్ ఫిల్టరు అయిదు వారాలు నడిస్తే గానీ చేపలు వదిలే అమ్మోనియాను తినే బాక్టీరియా స్థిరపడదు. "అప్పటిదాకా డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. చేతికి వచ్చిన బేరాన్ని ఇలా వెనక్కి పంపే వ్యాపారిని నేను చూడలేదు. మనసులో కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజం, బస్సు ఎక్కాక మాత్రం అతని మీద గురి కుదిరింది.

మార్చి చివర వెళ్లి ఆరు పిల్లలు తెచ్చుకున్నాను. మూడంగుళాలవి, ఒక్కోటి 650 రూపాయలు. ఎంచుకోవడం దగ్గర నిలబడి నేర్పించాడు. మొదట మేత వేసి చూపించాడు. గాజు దగ్గరకు ఎగబడి వచ్చినవాటినే చూడాలట, వెనక నిలబడి చూస్తున్నదాని జోలికి పోకూడదట. తర్వాత కన్ను. ఒంటికి తగ్గట్టు కన్ను చిన్నదిగా ఉంటే పిల్ల వయసుకు తగ్గట్టు పెరుగుతున్నట్టు. ఒళ్లు చిన్నదై కన్ను మాత్రం బటానీ గింజలా పెద్దగా కనిపిస్తే, ఆ చేప ఎదుగుదల ఎప్పుడో ఆగిపోయింది. జాకెట్టు కొలతలు తీసీ తీసీ నా చూపుకు అలాంటి తేడాలు అలవాటే, ఆ తొట్టిలో రెండింటిని నేనే పట్టి చూపించాను. అతను మొహమాటపడలేదు. వాటిని అమ్మడం లేదని, పక్క తొట్టిలోకి మార్చాడు.

ఒక్కో చేపను ఒక్కో కవరులో ఆక్సిజన్ నింపి, నీళ్లు కారకుండా రెండో కవరు తొడిగి, థర్మోకోల్ పెట్టెలో సర్దాడు. దారిలో ఎవరు అడిగినా కవరు విప్పకూడదని మరీ మరీ చెప్పాడు. ప్రయాణంలో చేప వదిలిన అమ్మోనియా కవరు నీళ్లలో పోగవుతుంది, లోపలి బొగ్గుపులుసు వాయువు వల్ల దాని విషం అణిగి ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి విషం విజృంభిస్తుంది. అందుకని ఇంట్లో కవరును అలాగే నీటి మీద తేలేసి, వేడి సమానమయ్యాక విప్పి, ఆలస్యం చేయకుండా చేపను మాత్రమే తొట్టిలోకి తీసుకోవాలి. కొండమల్లేపల్లి మీదుగా వచ్చేదాకా పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. ఆరూ బతికాయి, ఇప్పటికీ ఆరూ ఉన్నాయి.

దుకాణంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. రసీదు అడిగితే గానీ రాయరు. అతను లేనప్పుడు కూర్చునే పనివాడికి మేత డబ్బా ధర తప్ప ఏమీ తెలియదు. హీటర్లలో చవక రకం ఒకటి అమ్ముతారు, అది రెండో చలికాలానికే పాడైంది. మన ఎండలకు మే నెలలో హీటరు తీసి పక్కన పెట్టేస్తాం కానీ, జనవరి రాత్రుళ్లు అది లేకపోతే డిస్కస్ బతకదు. 28 డిగ్రీలకు తగ్గనివ్వకూడదు. కాబట్టి హీటరు మాత్రం మంచి కంపెనీది మరోచోట కొనుక్కోండి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు అక్కడిదే, అది బాగా పనిచేస్తోంది.

అన్నింటికన్నా పెద్ద ఇబ్బంది పిల్లల మేత దగ్గర వచ్చింది. ఆరింటిలో రెండు జత కట్టి, 2025 మొదట్లో బోర్లించిన మట్టి పూలకుండీ మీద గుడ్లు పెట్టాయి. రెండుసార్లు తామే తినేశాయి. కొత్త జంటలు అలాగే చేస్తాయని, విడదీయవద్దని అతను ధైర్యం చెప్పాడు. జంటను వేరే చిన్న తొట్టిలోకి మార్చి, నల్లా నీళ్లలో తాగే ఫిల్టరు నీళ్లు కలిపి మీటరు 110 దగ్గరకు తెచ్చాను. జూలైలో మూడోసారి పెట్టినవి నిలిచాయి. రెండున్నర రోజులకు గుడ్ల స్థానంలో తోకలు కదిలాయి. ఇంకో మూడు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి.

ఆ ఉదయం ఒక పెళ్లి జాకెట్టు అలాగే మిషను మీద వదిలేసి తొట్టి ముందు కూర్చున్నాను. కనురెప్ప వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు వందకు పైగా తల్లి పక్కకు అతుక్కుని ఒంటి జిగురును కొరుక్కు తింటున్నాయి. డిస్కస్ తల్లిదండ్రులిద్దరి చర్మం మీదా ఆ రోజుల్లో పిల్లల కోసం జిగురు ఊరుతుంది. ఒళ్లు కూడా నల్లబడుతుంది, పిల్లలు గుర్తుపట్టి చేరడానికి. కాసేపటికి తల్లి ఒక్కసారి ఒళ్లు విదిల్చింది. పిల్లలన్నీ పొగలా లేచి, ఎదురుగా నిలబడ్డ తండ్రి మీదకు చేరిపోయాయి. తల్లి పక్కకు తప్పుకుంది. పావుగంటకు తండ్రి విదిల్చాడు, ఈసారి తల్లి ముందుకు వచ్చింది. నా ఇద్దరు పిల్లల్నీ ఒంటరిగా పెంచినదాన్ని, ఆ దృశ్యం చూస్తూ చాలాసేపు లేవలేకపోయాను.

ఆ జిగురు ఒక్కటే ఎల్లకాలం చాలదు. ఈదడం మొదలైన నాలుగో రోజు నుంచి అప్పుడే పొదిగిన ఆర్టీమియా పెట్టాలి. ఇవి ఉప్పునీటి సరస్సుల్లో పెరిగే రొయ్యల్లాంటి అతి చిన్న జీవులు. కోస్తాలో రొయ్యల హ్యాచరీలు వాడేదీ ఇదే. ఎండబెట్టిన గుడ్లు గోధుమరంగు పొడిలా ఉంటాయి. దుకాణంలో పెద్ద డబ్బా విప్పి చిన్న పొట్లాలు కట్టి అమ్ముతారు, నాకు ఇచ్చిన పొట్లం వానాకాలపు తేమ పీల్చుకుంది. నాలుగో రోజు పొద్దున చూస్తే ఒక్క గుడ్డు కూడా సరిగా పొదగలేదు, గిన్నెలో మట్టి నీళ్లలా ఉంది. రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి కోపంగానే మాట్లాడాను. అతను వాదించలేదు. మర్నాడు పొద్దున మొదటి బస్సులో పార్సిల్ పంపాడు, మూత తీయని కొత్త డబ్బా. డబ్బు తీసుకోలేదు. ఆ రోజంతా పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీదే బతికాయి. పొట్లాలు కట్టి అమ్మడం మాత్రం మానలేదు. మీరు అడిగి మరీ మూసి ఉన్న డబ్బానే తీసుకోండి, విప్పాక గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

పొదిగించడం కష్టం కాదు. లీటరు నీళ్లకు పాతిక గ్రాముల కల్లుప్పు, అర చెంచా గుడ్లు, అడుగు కోసి తలకిందులు చేసిన కూల్‌డ్రింక్ సీసా, కింద దాకా ఎయిర్ పంపు గొట్టం, పైన బల్బు. ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపితే డొల్లలు పైకి తేలతాయి. ఒక పక్క నుంచి టార్చి వేస్తే పిల్లలన్నీ వెలుగు దగ్గరకు చేరి నారింజరంగు మబ్బులా కనిపిస్తాయి. అక్కడి నుంచి సన్న గొట్టంతో లాగి వడకట్టాలి. దుకాణంలో జల్లెడ 350 రూపాయలన్నారు. నేను ఇంట్లో గుడ్డ ముక్కలు ఒక్కొక్కటీ వేసి చూశాను. మల్లు గుడ్డలోంచి జారిపోయాయి, పాలిస్టరు లైనింగులోంచి నీళ్లే దిగలేదు. టూ బై టూ జాకెట్టు గుడ్డ సరిగ్గా సరిపోయింది. రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టాక వాడాలి. వడకట్టినవాటిని మంచినీళ్లతో కడిగి, ఉప్పు పోయాక వేయాలి. పొదిగిన కొద్ది గంటల్లోనే పెట్టేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఒంట్లో ఉన్న సారం అవే ఖర్చు చేసుకుంటాయి.

రోజుకు అయిదుసార్లు, కొంచెం కొంచెంగా. తిన్న పిల్ల పొట్ట నారింజరంగు చుక్కలా మెరుస్తుంది. అన్ని పొట్టలూ మెరిశాయా అని భూతద్దంతో చూసేదాన్ని. మెరవకపోతే ఇంకో చుక్క. మిగిలినవి మంచినీళ్లలో చచ్చి నీళ్లు పాడుచేస్తాయి కాబట్టి ప్రతిసారీ సన్న గొట్టంతో అడుగు తీసి, తీసినన్ని నీళ్లు పోయాలి. ఉడికిన గుడ్డు పచ్చసొన పెట్టమని చాలామంది చెప్తారు, నేను ఒక్కరోజు పెట్టాను. సాయంత్రానికి నీళ్లు వాసన కొట్టాయి, పదిహేను పిల్లలు పోయాయి. మళ్లీ ఆ జోలికి పోలేదు. మూడు వారాలకు పిల్లల్ని వేరు చేసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన రొయ్యల ముద్దను గోటితో గీకి అలవాటు చేశాను. వందకు పైగా ఉన్నవాటిలో 43 దక్కాయి.

రెండంగుళాలు దాటిన ముప్పైని ఆ దుకాణమే ఒక్కోటి 150 చొప్పున తీసుకుంది. బేరం ఆడకముందు అతను నా పిల్లల్ని కూడా మేత వేసి చూశాడు, కన్ను కొలిచాడు, నాలుగింటిని వెనక్కి ఇచ్చాడు. కోపం రాలేదు. ఆ నాలుగూ నా దగ్గరే ఉన్నాయి.

మంగళవారం సెలవు. పొద్దున పదకొండు గంటలకు మేత వేస్తారు, ఆ వేళకే వెళ్లండి. మీ నీళ్లు సీసాలో పట్టుకెళ్లండి, థర్మోకోల్ పెట్టె ఉంటే అదీ తీసుకెళ్లండి. బస్సులో వచ్చేవాళ్లు ఇంజను పక్క సీటులో మాత్రం కూర్చోవద్దు, పెట్టె అడుగు వేడెక్కుతుంది.