వెనిస్‌లో 2 రాత్రులు అని అడ్వాన్స్ కడుతున్నారా? ముందు ఇది చదవండి

వేసవి సెలవులకు యూరప్ ప్యాకేజీలు చూస్తున్న తిరుపతి, చిత్తూరు వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మన ఊళ్ళోనే ఆఫీసు పెట్టుకున్న ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర ఇటలీ టూర్ కొని 2025 మేలో వెళ్ళొచ్చాం. అమ్మ, నాయన, నా భార్య, పాప, నేను, మొత్తం ఐదుగురం. మిగతా ఊళ్ళ సంగతి ఎట్లా ఉన్నా, అమ్మ ఆశంతా వెనిస్ మీదే. దీవుల మీద, రోడ్లకు బదులు కాలువలు, ఆటోలకు బదులు పడవలు ఉండే ఊరు ఒక్కసారి చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. వేరే చోట తక్కువకు దొరుకుతున్నా ఈ ప్యాకేజీ తీసుకున్నది, కాగితం మీద "వెనిస్‌లో 2 రాత్రుల బస, గొండోలా రైడ్‌తో సహా" అని ఉన్నందుకే. గొండోలా అంటే తెడ్డుతో నడిపే అక్కడి సన్నటి పడవ. కేసు నడుస్తోంది కాబట్టి ఏజెన్సీ పేరు రాయడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

డబ్బు కట్టే ముందు వాట్సాప్‌లో అడిగాను: "హోటల్ దీవుల్లోనేనా, బయటా? అమ్మకు మోకాళ్ళ నొప్పులు, రోజూ బస్సులో అటూ ఇటూ తిరగలేదు." పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "వెనిస్‌లోనే సార్, కాలువ పక్కనే. టెన్షన్ పడొద్దు." వీసా ఫైల్లో పెట్టిన హోటల్ బుకింగ్ కూడా కన్నారెజ్జో అనే పేటలోది. అది నిజంగానే దీవుల్లో ఉంది, రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. వీసాలు వచ్చాయి, మిగతా డబ్బు మొత్తం కట్టేశాం. చెన్నై ఎయిర్‌పోర్టుకు బయలుదేరే ముందు రాత్రి ఓచర్లు పంపారు. తెరిచి చూస్తే హోటల్ పాదోవాలో, హైవే పక్కన. పాదోవా వేరే ఊరు, వెనిస్‌కు దాదాపు 40 కిలోమీటర్లు. కొండపైన గది అని డబ్బు తీసుకుని శ్రీకాళహస్తిలో దించినట్టు!

ఫోన్ చేస్తే, "అగ్రిమెంట్‌లో 'సేమ్ ఆర్ సిమిలర్' అని ఉంది కదా సార్, అది త్రీస్టారే, ఇదీ త్రీస్టారే" అన్నారు. హోటల్ స్థాయి మారదని చెప్పే ఆ మాటను ఊరు మార్చడానికి వాడుకుంటున్నారు. దీనికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది వీసా బుకింగ్ సంగతి. కన్నారెజ్జో హోటల్‌ను వీసా చేతికి రాగానే క్యాన్సిల్ చేశారట. ఆ దరఖాస్తు మీద ఉన్నది మన సంతకం. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్ళు ఎక్కడ ఉంటారని అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది కూడా మనమే. వీసా ఫైల్లో పెట్టిన ప్రతి కాగితానికీ ఒక కాపీ తీసి పెట్టుకోండి. మా కేసులో ఇప్పుడు గట్టి సాక్ష్యం అదే.

వాళ్ళు ఇంత ధైర్యంగా ఆడుకోవడానికి కారణం ఆ ఊరి అమరిక మనకు తెలియకపోవడం. మనం ఫోటోల్లో చూసే వెనిస్ నీళ్ళ మధ్య ఉంది, 118 చిన్న దీవులు, నాలుగు వందలకు పైగా వంతెనలు. బయట నేల మీద మెస్త్రే, మర్గేరా అనే ప్రాంతాలున్నాయి, అవీ వెనిస్ మున్సిపాలిటీ కిందికే వస్తాయి. అందుకని మెస్త్రేలో గది ఇచ్చి వెనిస్ అంటే కాగితం మీద అబద్ధం కాదు. నిజానికి మెస్త్రే స్టేషన్ దగ్గర హోటల్ అంత చెడ్డదేమీ కాదు. రైలెక్కితే పది పన్నెండు నిమిషాల్లో నీళ్ళ మీది వంతెన దాటి సాంతా లూచియా స్టేషన్‌లో దిగుతారు, బయటికి రాగానే ఎదురుగా గ్రాండ్ కెనాల్. తక్కువ ఖర్చులో పోవాలనుకునే వాళ్ళకు నేనైతే అదే చెబుతాను. పాదోవా అట్లా కాదు. దాని మున్సిపాలిటీయే వేరు.

ఈ తేడా జేబుకు కూడా తగిలింది. ఒక్క పగలు చూసి పోయేవాళ్ళు ఎక్కువైపోయారని, రద్దీ ఉండే కొన్ని రోజుల్లో వాళ్ళ దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేయడం వెనిస్‌లో 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టారు. 2025లో అది 54 రోజులకు పెరిగింది. ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 లోపు వచ్చేవాళ్ళు కనీసం నాలుగు రోజుల ముందు కడితే 5 యూరోలు, ఆలస్యం చేస్తే 10. 14 ఏళ్ళ లోపు పిల్లలకు లేదు. వెనిస్ మున్సిపాలిటీ పరిధిలో, అంటే మెస్త్రేలో రాత్రి ఉన్నా సరే, కట్టక్కర్లేదు, ఆన్‌లైన్‌లో మినహాయింపు కోడ్ తీసుకుంటే చాలు. మేం వెళ్ళింది మేలో ఒక శనివారం, రుసుము ఉన్న రోజు. పాదోవాలో ఉన్నాం కాబట్టి మినహాయింపు లేదు. ఏజెన్సీ ముందు చెప్పనూ లేదు, కట్టనూ లేదు. బస్సులో గైడ్ తలకు 10 యూరోలు వసూలు చేశాడు, పాపకు కూడా అడిగాడు. పధ్నాలుగేళ్ళు లేవని పాస్‌పోర్ట్ చూపిస్తే గానీ వదల్లేదు.

ఇక గొండోలా. బస్సులు ఊళ్ళోకి పోవు కాబట్టి త్రొంకెత్తో అనే చోట దిగి, పడవలో ఊరి ప్రధాన కూడలి సాన్ మార్కో వైపు వెళ్ళాలి. ఆ పడవ దిగగానే గైడ్ అన్న మాట: "ప్యాకేజీలో ఉన్న బోట్ రైడ్ ఇదే. గొండోలా కావాలంటే మనిషికి 35 యూరోలు." ఐదుగురికి 175. మా పాప అక్కడే కాలువ గట్టున ఉన్న బోర్డు చదివి చూపించింది. పగలు అరగంటకు 90 యూరోలు, సాయంత్రం 7 తర్వాత 110. ఆ రేటు పడవ మొత్తానికి, మనిషికి కాదు, ఐదుగురి దాకా ఎక్కొచ్చు. గైడ్‌ను పక్కన పెట్టి నేరుగా పడవ నడిపేవాళ్ళ దగ్గరికి పోయి 90 ఇచ్చి ఎక్కాం. ఆ అరగంట మాత్రం బాగుంది. సన్న కాలువలోకి మళ్ళగానే జనం గోల ఆగిపోయింది, తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. మలుపు దగ్గర ఆ పడవాయన గోడకు పాదం ఆనించి పడవను నెట్టుకుంటుంటే మా నాయన చూపు తిప్పుకోలేదు.

తర్వాత గంటకు పైగా ఒక గాజు సామాన్ల షోరూమ్‌లో కూర్చోబెట్టారు. మురానో దీవిలో గాజు పని 1291 నుంచి ఉంది, నిజంగా చూడదగ్గ విద్య. కానీ మమ్మల్ని తీసుకుపోయింది మురానోకు కాదు, సాన్ మార్కో వెనక అమ్మకాల గదికి. ఏమీ కొనని వాళ్ళ మీద గైడ్ ముఖం మాడ్చుకున్నాడు. అది అయ్యేసరికి రియాల్టో వంతెన దగ్గర నిలబడి ఒక ఫోటో తీసుకునే టైమ్ మిగిలింది. ఒకప్పటి వెనిస్ పాలకుల డోజె ప్యాలెస్‌ను బయటి నుంచే చూశాం. రాత్రి అక్కడే ఉండి ఉంటే పొద్దున్నే, జనం రాకముందే, అమ్మ నెమ్మదిగా నడుచుకుంటూ చూసేది. మా దగ్గర డబ్బు తీసుకున్నది దానికే కదా!

డబ్బు సంగతిలో ఇంకొకటి. విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఏజెన్సీ టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. అది మన పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. రేటు బడ్జెట్లలో మారుతుంటుంది, మీరు కట్టే ఏడాది ఎంతో చూసుకోండి. మా దగ్గర టీసీఎస్ పేరుతో నగదు తీసుకున్నారు. తర్వాత మన పాన్ మీద జమైన పన్ను చూపించే ఫారం 26ఏఎస్ తీసి చూస్తే ఒక్క రూపాయి లేదు. కాబట్టి నగదు ఇవ్వొద్దు, బిల్లులో జీఎస్టీ నంబరు, టీసీఎస్ మొత్తం విడిగా రాయించుకోండి. "వీసా గ్యారంటీ" అని వేరే ఛార్జీ అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పెద్దవాళ్ళకు షెంజెన్ వీసా (ఇటలీ లాంటి యూరప్ దేశాలకు తీసుకునేది) ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, ఇవ్వడం ఇవ్వకపోవడం కాన్సులేట్ ఇష్టం. దానికి గ్యారంటీ ఇచ్చే ఏజెంట్ ఎవరూ ఉండరు.

తిరిగొచ్చాక మేం చేసింది ఇదీ. ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. ఏజెన్సీ వాళ్ళు "గుడ్‌విల్" కింద కొంత ఇస్తామన్నారు, తీసుకోలేదు. లాయర్ నోటీసు పంపి, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు. వాట్సాప్ మెసేజ్‌లు, ఓచర్లు, బ్యాంకు రసీదులు తేదీల వారీగా పెట్టి ఇచ్చాం. తీర్పు ఇంకా రాలేదు.

సొంతంగా పోయేవాళ్ళకు కూడా ఒక మాట. పెద్దవాళ్ళుంటే హోటల్‌ను వాపొరెత్తో స్టాప్ పక్కనే, మధ్యలో వంతెనలు లేకుండా చూసుకోండి. వాపొరెత్తో అంటే అక్కడి సిటీ బస్సు లాంటి పడవ. వంతెనలు దాదాపు అన్నిటికీ మెట్లే, చక్రాల సూట్‌కేసు చేత్తో మోయాల్సిందే. పడవ టికెట్ 75 నిమిషాలకు 9.50 యూరోలు, 24 గంటల పాస్ 25. రోజులో మూడు సార్లు, అంతకంటే ఎక్కువ ఎక్కేటట్టుంటే పాసే మేలు. 1వ నంబరు పడవ గ్రాండ్ కెనాల్ పొడవునా నిదానంగా పోతుంది, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు ఊరు చూడటానికి అంతకంటే సుఖమైన దారి లేదు.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే, మిగతా డబ్బు కట్టే ముందు ఏజెన్సీని మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: హోటల్ పేరు, అడ్రస్, పిన్‌కోడ్ ఏమిటి? గొండోలా మా ప్యాకేజీలో ఉందా, లేక మామూలు పడవేనా? ప్రవేశ రుసుము ఉన్న రోజైతే ఎవరు కడతారు? వెనిస్ మున్సిపాలిటీ పిన్‌కోడ్‌లు, మెస్త్రేవి కూడా, 301తో మొదలవుతాయి, పాదోవావి 351తో. "ఓచర్లు బయలుదేరే ముందు ఇస్తాం సార్" అని తప్పించుకుంటే మిగతా డబ్బు ఆపేయండి.