జబ్బకు కట్టే బీపీ మిషనా, మణికట్టుదా?

పిల్లలు హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు దూరంగా పరకాల దగ్గరి ఊళ్లో ఉండి, బీపీ వాళ్లే చూసుకోవాల్సి వస్తే జబ్బకు కట్టేదే కొనండి.

మణికట్టుది తేలిక, చొక్కా చెయ్యి మడవక్కర్లేదు. కానీ దాన్ని గుండె ఎత్తులో పట్టుకోవాలి. ఒళ్లో పెట్టుకుంటే ప్రతి 10 సెంటీమీటర్ల దిగువకు 7–8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. పెద్దవాళ్లు ఒక్కరే చూసుకుంటే జరిగేది తరచూ ఇదే.

జబ్బ పట్టీని మోచేతి మడతకు 2 సెంటీమీటర్ల పైన, బట్ట మీద కాకుండా ఒంటికే చుట్టాలి. వీపు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, చెయ్యి బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. కొనేముందు జబ్బను టేపుతో కొలవండి. చిన్న పట్టీ బీపీని పెంచి చూపిస్తుంది. పెద్ద పట్టీ కూడా పట్టనంత లావుంటేనే మణికట్టుది.

అంకెలను ఫోన్‌కు పంపే బ్లూటూత్ రెండింట్లోనూ దొరుకుతుంది. అది లేకపోయినా, అంకెల ఫొటో తీసి పిల్లలకు వాట్సాప్‌లో పంపితే చాలు. 180/120 దాటి ఛాతీనొప్పో ఆయాసమో ఉంటే మాత్రం వెంటనే 108కు ఫోన్ చేయాలి.