వెలుగుతున్న స్మోకర్ మీద వాడొచ్చని అమ్ముతున్న చలికాలపు గుడారాలతో జాగ్రత్త

చలికాలంలో ఆరుబయట స్మోకర్ (మాంసాన్ని పొగతో, తక్కువ వేడి మీద నిదానంగా వండే పొయ్యి) వాడుకోవడానికి దాని చుట్టూ వేసే గుడారం కొనాలనుకుంటున్నవారు, డబ్బు కట్టేముందు దయచేసి ఇది ఒకసారి చదవండి. నేను కొన్నది నాలుగు ఇనుప గొట్టాల మీద పాలియెస్టర్ గుడ్డ పరిచి, నాలుగు పక్కలా జిప్పులతో మూసుకునేలా, ముందువైపు పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీతో తయారుచేసిన రకం. ప్రకటన చిత్రంలో జిప్పులు మూసి ఉన్నాయి, లోపల స్మోకర్ వెలుగుతోంది, బయట మంచు కురుస్తోంది. కింద ‘వానైనా మంచైనా నిశ్చింతగా వండుకోండి’ అని రాసి ఉంది. అది చూసిన ఎవరికైనా, వెలుగుతున్న స్మోకర్‌కు రక్షణగానే దీన్ని అమ్ముతున్నారని అర్థమవుతుంది. నేను ఫిర్యాదు చేసినప్పుడు మాత్రం అమ్మకందారు గుడ్డ లోపలి కుట్టులో ఉన్న వేలెడంత చీటీని చూడమన్నారు. ‘నిప్పుకు, వేడి వస్తువులకు దూరంగా ఉంచాలి, చల్లారిన పొయ్యిని కప్పి ఉంచడానికి మాత్రమే వాడాలి’ అని దాని మీద సన్నని అక్షరాలతో ఉంది. అమ్మేటప్పుడు ఒక మాట, బాధ్యత తీసుకోవలసి వచ్చినప్పుడు ఇంకో మాట. ఇలాంటి సరుకు వేర్వేరు పేర్లతో చాలాచోట్ల అమ్మకానికి కనిపిస్తోంది కాబట్టి, జరిగింది వివరంగా రాస్తున్నాను.

మొదట చెడింది పైకప్పు. పొగగొట్టానికి సరిగ్గా పైన అరచేయంత మేర గుడ్డ గోధుమ రంగుకు తిరిగి, ముడుచుకుపోయి, దాని అంచున కరిగి గట్టిపడిన చిన్న చిన్న పూసలు తేలాయి. వాటిలో ఒకటి ఊడి స్మోకర్ మూత మీద పడి నల్లగా అతుక్కుపోయింది. అది మూత తెరిచి ఉన్నప్పుడు పడి ఉంటే నేరుగా మాంసం మీదే పడేది. ప్లాస్టిక్ కిటికీ కూడా మెత్తబడి లోపలికి వంగింది. దీనికి అమ్మకందారు ఇచ్చిన సమాధానం ఏమిటంటే, పాలియెస్టర్ కరగడానికి 250 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి, స్మోకర్‌లో ఉండేది 110 నుంచి 135 డిగ్రీలే, కాబట్టి తప్పు వాడకంలోనే ఉందని. ఆ రెండు అంకెలూ నిజమే, కానీ వాటిని పక్కపక్కన పెట్టి తేల్చిన మాట నిజం కాదు. 110 డిగ్రీలన్నది మాంసం ఉండే గదిలోని వేడి. బొగ్గు ఉండే అర గోడలు అంతకన్నా చాలా వేడెక్కుతాయి, రాజుకున్న బొగ్గు దానంతటది 600 డిగ్రీలు దాటుతుంది. మూత తెరవగానే గాలి ఒక్కసారిగా లోపలికి దూరి, అంతవరకు అణిగి ఉన్న నిప్పు భగ్గుమంటుంది, కరిగిన కొవ్వు ఉంటే మంట పైకి లేస్తుంది. పైగా పాలియెస్టర్ కరిగే దాకా బిగుతుగా ఉండి అప్పుడు కరగదు, 80 డిగ్రీల దగ్గరే దాని బిగువు సడలడం మొదలవుతుంది. కిటికీలకు వాడే పీవీసీ కూడా దాదాపు అక్కడే మెత్తబడుతుంది. సడలిన గుడ్డ కిందికి జారి, వేడికి ఇంకా దగ్గరవుతుంది.

గుడ్డ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. నన్ను నిజంగా భయపెట్టింది కంటికి కనిపించని ప్రమాదం. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది, స్మోకర్‌లో కావాలనే గాలి తగ్గించి బొగ్గును నిదానంగా కాలుస్తాం కాబట్టి అది మరింత ఎక్కువగా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, గాలిలో కొద్దిగానే ఉన్నా పీల్చేకొద్దీ ఒంట్లో పేరుకుపోతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం తొలి లక్షణాలు. గంటల తరబడి చలిలో నిలబడి, కళ్లలో పొగ పడుతూ పనిచేస్తున్న మనిషికి ఇవి మామూలు అలసటలాగే తోస్తాయి, అందుకే చాలామంది బయటికి రావలసిన సమయంలో రారు.

నేను గుడారం గొట్టానికి కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తగిలించాను. ప్రకటనలో చూపినట్టే జిప్పులు మూసి, బొగ్గు వేయడానికి లోపలికి వెళ్లిన కొద్ది నిమిషాలకే అది మోగింది. దాని అర్థం ఏమిటో చెప్పాలి. ఈఎన్ 50291 అనే ఐరోపా ప్రమాణం ప్రకారం తయారైన అలారం, గాలిలో ఈ వాయువు పది లక్షల వంతుల్లో 50 వంతులు ఉంటే గంట నుంచి గంటన్నర మధ్య మోగాలి. 100 వంతులుంటే 10 నుంచి 40 నిమిషాల మధ్య మోగాలి. 300 వంతులుంటే 3 నిమిషాల లోపే మోగాలి. అంటే అలారం ఎంత త్వరగా మోగితే గాలి అంత చెడ్డదన్నమాట. అలా అని అలారం పెట్టుకుని ఇలాంటి గుడారంలో వండుకోవచ్చని అనుకోకండి. ఈ అలారాలను ఇంటి గదుల కోసం తయారుచేస్తారు, గడ్డకట్టే చలిలోనూ దట్టమైన పొగలోనూ అవి సరిగా పనిచేస్తాయన్న భరోసా లేదు.

ఒక పక్క తెరిచి ఉంచితే సరిపోదా అని అమ్మకందారు అడిగారు, మీలో కొందరికీ ఆ ఆలోచన రావచ్చు. సరిపోదు. తెరిచిన పక్క నుంచే గాలి వీస్తే పొగ బయటికి పోకపోగా లోపలే తిరుగుతుంది. అమెరికాలో అమ్మే బొగ్గు సంచుల మీద, ఇళ్లలో, వాహనాల్లో, గుడారాల్లో బొగ్గు కాల్చరాదన్న హెచ్చరిక చట్టప్రకారం తప్పనిసరిగా ఉండాలి. గుడారాల పేరు ఆ హెచ్చరికలో విడిగా చేర్చారంటే, దాని వెనుక పోయిన ప్రాణాలు ఉన్నాయి.

ఇంత ప్రమాదానికి ఒడిగట్టినా వంట బాగా కుదురుతుందా అంటే అదీ లేదు. గుడారంలో నిండిన పొగనే స్మోకర్ మళ్లీ కింది రంధ్రాల నుంచి పీల్చుకుంటుంది. ఆక్సిజన్ చాలక నిప్పు మందగిస్తుంది, చలిగాలి తగలకపోయినా లోపలి వేడి పడిపోతుంది. మాంసం 4 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే అందులో సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి కాబట్టి ఆ ఆలస్యాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సరిగా కాలని పొగ చల్లటి గుడ్డకు తగిలి జిడ్డుగా గోధుమరంగు తారులా పేరుకుంటుంది. మా గుడారంలో అది చూరునీళ్లలా కారి, స్మోకర్ మీద చారలు కట్టింది. మాంసానికి పట్టిన చేదు ఒక ఎత్తు, ఆ తారు మండే పదార్థం కావడం మరో ఎత్తు: వాడేకొద్దీ గుడ్డ తొందరగా అంటుకునేలా తయారవుతుంది.

ప్రకటనల్లో వాడే మాటల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. ‘నిప్పును తట్టుకుంటుంది’ అనీ, ‘సీపీఏఐ-84 ప్రమాణానికి సరిపోతుంది’ అనీ రాస్తారు. అది క్యాంపింగ్ గుడారాల గుడ్డకు సంబంధించిన ప్రమాణం. ఆ గుడ్డ నిప్పు అంటనిది కాదని, మంట తగులుతూనే ఉంటే కాలుతుందని ఆ ప్రమాణం కింద అమ్మే గుడారాల చీటీల మీదే రాసి ఉంటుంది. వాన నీటికి తడవదన్న మాటకూ వేడికీ సంబంధమే లేదు. ‘వెలుగుతున్న పొయ్యికి ఎంత దూరంలో, ఏ వేడి వరకు వాడవచ్చు’ అన్న ప్రశ్నకు అమ్మకందారు చేత రాతపూర్వకంగా జవాబు ఇప్పించుకోండి. నాకు జవాబు రాలేదు.

నిజానికి చలికాలంలో స్మోకర్ వేడిని ఎక్కువగా దోచుకునేది గాలి. అందుకని గాలి వచ్చే వైపు ఒక్క పక్కన, మండని రేకుతోనో ఇటుకలతోనో అడ్డు కట్టి, మిగిలిన పక్కలూ పైభాగమూ తెరిచి ఉంచితే చాలావరకు పని జరుగుతుంది. అడ్డు ఎంత దూరంలో ఉండాలో స్మోకర్‌తో వచ్చిన పుస్తకంలోని దూరాన్నే పాటించండి. వేడి బయటికి పోకుండా స్మోకర్ లోహపు గోడలకు కప్పే ఇన్సులేషన్ తొడుగు కొనేటట్లయితే, మీ మోడల్ కోసం దాని తయారీదారే చేసినది, గాలి రంధ్రాలనూ పొగగొట్టాన్నీ వదిలిపెట్టేది తీసుకోండి. గ్యాస్ స్మోకర్ ఉన్నవారికి గుడారం మరీ చెడ్డది, ఎందుకంటే అందులో వాడే ప్రొపేన్ వాయువు గాలి కన్నా బరువైనది. లీకైతే నేలమట్టంలోనే నిలిచిపోతుంది. సిలిండర్‌లో బ్యూటేన్ అనే మరో వాయువు పాలు ఎక్కువగా ఉంటే, సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది, మంట చిన్నదైపోతుంది. ఆ లోపాన్ని ఏ కప్పూ సరిదిద్దలేదు. పెల్లెట్ స్మోకర్ వాడేవారు పెల్లెట్లు (రంపపు పొట్టును నొక్కి చేసిన చిన్న కట్టె గుళికలు) తడవకుండా విడిగా మూత పెట్టుకోండి, తడిస్తే అవి ఉబ్బి, వాటిని నిప్పులోకి తోసే లోపలి స్క్రూ తిరగకుండా బిగుసుకుపోయేలా చేస్తాయి.

ఇప్పటికే ఇలాంటి గుడారం కొన్నవారు దాన్ని చల్లారిన స్మోకర్ మీద కవరుగా మాత్రమే వాడండి. చల్లారిందని చేత్తో తాకి తేల్చుకోవద్దు, బూడిద కింద నిప్పు మర్నాటి వరకు కూడా ఉంటుంది. ఇక డబ్బు సంగతి: నేను ఫిర్యాదు చేశాక ఆ ప్రకటనలో పొగ లేస్తున్న చిత్రం తీసేసి చల్లారిన స్మోకర్ చిత్రం పెట్టారు, నిశ్చింతగా వండుకోమన్న వాక్యం కూడా లేదు. పాత ప్రకటన స్క్రీన్‌షాట్, కాలిన గుడ్డ ఫొటోలు, లోపలి చీటీ ఫొటో నా దగ్గర ఉన్నందువల్లే డబ్బు వెనక్కి ఇవ్వాలన్న నా అభ్యర్థన ఇంకా నిలబడి ఉంది. మీరు కొన్నవారైతే, మీ దగ్గరున్న పాత ప్రకటన కాపీని ఈ రోజే దాచుకోండి, గుడ్డను పారేయకండి.