నాగసాకి గుళ్లు చూడాలనుకునే శ్రీకాకుళం వాళ్లకి

జపాన్ వెళ్లిన మనవాళ్లు టోక్యో, క్యోటో చూసుకుని వచ్చేస్తున్నారు. కథోలికులైతే నాగసాకి వదలొద్దు. మా విచారణలో (మా గుడి పరిధిలోని కథోలికుల్లో) కొందరు అడిగారని రాస్తున్నాను. ముందు ఓఉరా గుడి, తర్వాత ఉరకామి, ఈ వరసలోనే చూడండి.

ఓఉరాకి టికెట్ ఉంది, లోపల ఫోటోలు తీయనివ్వరు. 1864లో కట్టారు, ఆ దేశంలో ఇప్పటికీ నిలిచి ఉన్న గుళ్లలో ఇదే పాతది. 1597లో అదే ఊళ్లో సిలువ వేసిన 26 మంది వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) పేరు మీద కట్టిన గుడి, వాళ్లలో మన ముంబై పక్కన వసాయిలో పుట్టిన పునీత గొన్సాలో గార్సియా కూడా ఉన్నారు. లోపల మరియమాత స్వరూపం (విగ్రహం) దగ్గర మాత్రం తొందరపడకండి. 1614 నుంచి దేశమంతా క్రైస్తవం నిషేధం, ఫాదర్లు లేరు, పూజ లేదు, అయినా అక్కడి క్రైస్తవులు తరాల తరబడి చాటుగా జపాలు చెప్పుకుంటూ, పిల్లలకి తామే జ్ఞానస్నానం ఇచ్చుకుంటూ విశ్వాసం నిలుపుకున్నారు. 1865 మార్చి 17న ఉరకామి పల్లె జనం కొందరు ఈ గుడికొచ్చి అక్కడి ఫ్రెంచి ఫాదర్ పెతిజాన్‌తో మా మనసూ మీ మనసూ ఒకటేనని చెప్పి, మరియమాత స్వరూపం ఎక్కడుందని అడిగారు. వాళ్లకి చూపించిన స్వరూపం ఇదే.

ఆ పల్లెవాళ్లదే ఉరకామి గుడి, అందుకే దీన్ని తర్వాత చూడమంటున్నాను. అలా విశ్వాసం బయటపడ్డాక ప్రభుత్వం వాళ్లలో మూడు వేల మందికి పైగా ఊరు దాటించి చెదరగొట్టింది. 1873లో తిరిగొచ్చి, ఏ ఊరిపెద్ద ఇంట్లో క్రైస్తవులు కాదని రుజువు చేసుకోమని తమచేత క్రీస్తు బొమ్మను తొక్కించేవారో ఆ స్థలమే కొని 1895లో గుడి మొదలుపెట్టారు. గోపురాలు లేచేసరికి 1925. 1945 ఆగస్టు 9న పొద్దున్న 11:02కి అర కిలోమీటరు దూరంలో అణుబాంబు పేలింది. మరియమాత మోక్షారోపణ పండుగ దగ్గరపడుతోందని పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వచ్చినవాళ్లు, ఇద్దరు ఫాదర్లు లోపలే ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. ఉరకామి కథోలికులు సుమారు 12,000 మంది, పోయినవాళ్లు 8,500 దాకా.

ఇప్పుడున్నది 1959లో మళ్లీ కట్టింది. బయట కాలి నల్లబడ్డ రాతి స్వరూపాలున్నాయి, కింద వాలులో పాత గంట గోపురం పడింది పడినట్టే ఉంది. లోపల ఒక చిన్న ప్రార్థన గదిలో మరియమాత తల, అంతే, మిగతాది లేదు. చెక్కది. చెంప మాడిపోయింది, కళ్లుండాల్సిన చోట రెండు నల్లటి గుంటలు. అక్కడే జపమాల మొదలుపెట్టాను గానీ రెండో రహస్యం (జపమాలలో రెండో భాగం) దాటలేకపోయాను.

మేం ప్యాకేజీలో వెళ్లాం, ఆ ట్రావెల్స్ వాళ్లు ఉరకామికి అరగంటే ఇచ్చారు, చాలా కోపం వచ్చింది, మర్నాడు మేమే ట్రామ్ ఎక్కి మళ్లీ వెళ్లాం. మీరు మొదటే సొంతంగా వెళ్లండి. ఒక్కటే చూసే టైముంటే ఉరకామికే వెళ్లండి, అదీ ఆదివారం పూజకి. జపనీసు రాకపోయినా పూజలో ఎక్కడున్నామో మనకి తెలుస్తూనే ఉంటుంది. గుణదల తిరునాళ్ల సందడి ఉండదు. మన అమ్మలు తలమీద కొంగు కప్పుకున్నట్టు అక్కడి ఆడవాళ్లు తెల్లటి ముసుగు వేసుకుంటారు.

ఉరకామి గుడి గోపురాల్లోని జంట గంటల్లో బాంబుకి పోయినదాని స్థానంలో అమెరికా కథోలికులు చందాలేసి కొత్తది ఇచ్చారు, 2025 ఆగస్టు 9న ఆ జంట గంటలు మళ్లీ కలిసి మోగాయి. ఏటా ఆ రోజు సాయంత్రం పూజ, దివిటీల ఊరేగింపు ఉంటాయి. వీలైతే ఆ తేదీకే ప్లాన్ చేసుకోండి, రూములు మాత్రం బాగా ముందే బుక్ చేయండి.