రోబో చేతికి లీనియర్ యాక్చుయేటర్: నిదానమే, కానీ జారదు

12 వోల్టులు, 750 న్యూటన్లు, 100 మిల్లీమీటర్ల స్ట్రోకు (రాడ్డు బయటికి వచ్చే దూరం). నా రోబో చేతిని ఎత్తి దించే లీనియర్ యాక్చుయేటర్ మీద, అంటే మోటారుతో రాడ్డును తిన్నగా ముందుకూ వెనక్కూ జరిపే పరికరం మీద, పెద్ద అక్షరాల్లో ఉన్నవి ఇవే. కొనేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది.

చేయి, గ్రిప్పరు, అది పట్టుకునే వస్తువు కలిపి 3 కిలోలు. ఆ భారం కీలుకు 40 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. చేయి అడ్డంగా చాచి ఉంటే కీలు దగ్గర సుమారు 12 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం. యాక్చుయేటర్‌ను కీలుకు 6 సెంటీమీటర్ల దూరంలో బిగించాను. లంబంగా తోస్తే 200 న్యూటన్లు చాలు. కానీ ఆ స్థానంలో దాని తోపు చేతికి 30 డిగ్రీల కోణంలో ఉంటుంది, కాబట్టి 400 కావాలి. అందుకే 750. ఇదే రకంలో 1500 న్యూటన్లది కూడా ఉంది. మోటారు అదే, గేర్లు మాత్రమే వేరు. బలం పెరిగినంత మేరా వేగం తగ్గుతుంది. నాకది అనవసరం.

దీనిలో నాకు బాగా నచ్చింది, కరెంటు పోయినా చేయి ఉన్నచోటే ఉండటం. లోపలి స్క్రూ మరల వాలు చాలా తక్కువ. దాని పరిమితికి లోబడిన బరువు పైనుంచి నొక్కినా స్క్రూ వెనక్కి తిరగదు. మరల మధ్య గుండ్లు దొర్లే బాల్ స్క్రూ అయితే రాపిడి తక్కువ కాబట్టి జారుతుంది, విడిగా బ్రేకు పెట్టాలి. మామూలు సర్వో మోటారైతే చేతిని పట్టి ఉంచడానికే కరెంటు తాగుతూ వేడెక్కుతుంది. గాలి సిలిండరు వేగంగా కదులుతుంది గానీ మధ్యలో కచ్చితంగా ఆపడం తలనొప్పి.

ఇక లోపాలు. వేగం సెకనుకు 10 మిల్లీమీటర్లే. చేయి పూర్తిగా లేవడానికి 10 సెకన్లు పడుతుంది. తొందరపడేవాళ్లకు ఇది పనికిరాదు. డ్యూటీ సైకిల్ (మొత్తం సమయంలో నడపదగ్గ వంతు) 10 శాతమని చీమ తలకాయంత అక్షరాల్లో ముద్రించారు. 2 నిమిషాలు నడిపితే 18 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలన్నమాట! రెండు కొసల్లో ఆగడానికి స్విచ్చులు ఉన్నాయి, మధ్యలో ఎక్కడుందో చెప్పే ఏర్పాటు మాత్రం లేదు. చేతిని రకరకాల ఎత్తుల్లో ఆపాలంటే రాడ్డు ఎక్కడుందో చెప్పే పొటెన్షియోమీటర్ ఉన్న రకమే తీసుకోండి.

బిగించేటప్పుడు రెండు కొసల పిన్నులూ స్వేచ్ఛగా తిరగాలి. పక్కనుంచి ఒత్తిడి పడితే రాడ్డు వంగుతుంది, సీలు అరుగుతుంది. చేతి బరువును కొంత మోసేలా ఒక స్ప్రింగు కూడా తగిలించాను. మోటారు చప్పుడు తగ్గింది, పైకి లేపేటప్పుడు తీసుకునే కరెంటూ తగ్గింది.