గులాబీ పురుగుకు ఫెరోమోన్ దారం: వరంగల్ పత్తి చేనులో ఎంతవరకు పనికొస్తుంది

బీటీ పత్తికి గులాబీ రంగు పురుగు లొంగడం మానేశాక, దాని మీద పెట్టే ఖర్చుల్లో ఈ దారాలకు పెట్టే పైసలు దండగ కావు. కాకపోతే ఇది మందు కాదు. పురుగును చంపదు, కాయలోకి దూరినదాన్ని అసలే ముట్టదు. పచ్చదోమకూ తెల్లదోమకూ దీంతో ఏ సంబంధమూ లేదు.

ఈ దారమంటే జానెడు ప్లాస్టిక్ గొట్టం, దాని వెంట సన్నని తీగ. లోపల గాసిప్లూర్ ఉంటుంది. ఆడ రెక్కల పురుగు మగదాన్ని పిలిచే వాసనకు ఇది నకలు. చేనంతా అదే వాసన కమ్ముకుంటే ఆడది ఏ మొక్క మీదుందో మగదానికి అంతుపట్టదు. జత కట్టని ఆడది పెట్టిన గుడ్లు పొదగవు.

ఎకరాకు సుమారు 160 దారాలు. గుంటకు నాలుగు అనుకుంటే లెక్క తప్పదు. ఐదు మీటర్లకొకటి, మూడడుగుల సాళ్లయితే ఐదారు సాళ్లకొకటి పడుతుంది. ప్యాకెట్ మీద వేరే లెక్కుంటే దాన్నే పాటించాలి. మొక్క పైభాగంలో, కాండానికి వదులుగా మెలి తిప్పాలి. ఆకు కాడకు కడితే ఆకు రాలినప్పుడు దారమూ బురదలో పడుతుంది. ఖర్చు కలిసొస్తుందని దారాన్ని రెండుగా కోయొద్దు: మూసిన కొసలు తెరుచుకుని, మూడు నెలలు రావాల్సిన వాసన తొందరగా ఆవిరైపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం అదును. విత్తిన 40–45 రోజులకు, గూడ (పూమొగ్గ) పడుతుండగా, తొలి పువ్వు విచ్చకముందే కట్టాలి. పురుగు తక్కువున్నప్పుడే ఈ పద్ధతి నిలబడుతుంది. అమెరికా అడవుల్లో చెట్ల ఆకు తినే స్పాంజీ మాత్ అనే పురుగు మీద కూడా దీన్ని పురుగు పలచగా ఉన్న అంచుల్లోనే వాడుతున్నారు. రెక్కల పురుగులు గుంపులు కట్టాక వాసనతో పనిలేదు, మగది ఎదురైన ఆడదానితో జత కడుతుంది. గుడ్డి పూలు (పురుగు సోకి విచ్చుకోని పూలు) కనబడ్డాక దారం కొనేవాళ్లు అందుకే నష్టపోతారు.

రెండో దెబ్బ ఒంటరి ఎకరం. పక్క చేనులో జత కట్టిన ఆడది ఎగిరొచ్చి మీ చేనులో గుడ్లు పెడితే దారం ఏమీ చేయలేదు. పరకాల, నర్సంపేట వైపు గెట్టు గెట్టు కలిసిన చేన్ల రైతులు ఒకే వారంలో కట్టుకుంటేనే పూర్తి ఫలితం. పురుగు దాగి ఉండే జిన్నింగ్ మిల్లు పక్కనో, పాత పత్తికట్టె కుప్పల దగ్గరో ఉన్న చేనుకైతే ఆ వైపు గెట్టున దారాలు ఒత్తుగా కట్టాలి.

చేనులో లింగాకర్షక బుట్ట పెడితే అందులో మగవి దాదాపు పడవు. అంటే దారం పనిచేస్తోందని అర్థం, కాయ భద్రమని కాదు. వారానికోసారి ఎకరాకు 20 పచ్చి కాయలు కోసి చీల్చి చూడాలి. రెండింటిలో పురుగుంటే మందు కొట్టక తప్పదు. ఇంకో మాట: దారాలు ముట్టిన చేత్తో బుట్ట ఎర పట్టుకోవద్దు, లెక్క తారుమారవుతుంది.

ఆగస్టులో కట్టిన దారం నవంబరుకు సత్తువ కోల్పోతుంది. ఆపైన చివరి ఏరుళ్ల కోసం చేనును జనవరి దాకా సాగదీయడం పురుగును పెంచడమే. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఎండ పడే అల్మారాలో ఉంచిన ప్యాకెట్ తీసుకోవద్దు.