పెట్టె చేయించే ముందు కొలత: విశాఖలో ఆన్‌సైట్ కొలతల సేవను కొన్నేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష

గాజువాక ఆటోనగర్‌లోని మా వర్క్‌షాపులో పంపులు, గేరుబాక్సులు, వాటిని నిలబెట్టే బేస్‌ఫ్రేములు తయారవుతాయి. వాటిలో కొన్ని ఓడ మీద, అత్యవసరమైనవి విమానం మీద విదేశాలకు వెళ్తాయి. సరుకు పంపించే బాధ్యత నాది. ప్రతి యంత్రానికీ దాని ఆకారాన్ని బట్టి చెక్కపెట్టె చేయించవలసి ఉంటుంది కాబట్టి, పెట్టెలు చేసే సంస్థలు మన షెడ్డుకే మనిషిని పంపి కొలతలు తీయించే సేవను నేను చాలాకాలంగా వాడుతున్నాను. డ్రాయింగు చేతిలో ఉండగా దీనికి వేరే డబ్బు ఎందుకని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. పొడవు, వెడల్పు, ఎత్తు ఎవరైనా తీయగలరు. బరువు ఎక్కడ కూర్చుంది, ఏ భాగం విప్పవచ్చు, కట్టిన పెట్టె ఏ దారిన బయటికి వెళ్తుంది అన్న మూడు విషయాలు అడిగి రాసుకునే మనిషి వచ్చినప్పుడే ఈ సేవకు పెట్టిన డబ్బు దక్కినట్టని నా నమ్మకం.

పని తెలిసిన మనిషి రాగానే టేపు తీయడు. ముందు యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, బయటికి పొడుచుకొచ్చిన వాటన్నింటి మీద సుద్దముక్కతో గుర్తులు పెడతాడు. డ్రెయిన్ ప్లగ్గు, ఆయిల్ గేజీ, టెర్మినల్ బాక్సు, నేమ్‌ప్లేటు పక్కన ఉండే గ్రీజు నిప్పిల్ వంటివి డ్రాయింగులో చాలాసార్లు కనిపించవు, కనిపించినా యంత్రం బిగించేటప్పుడు వాటి దిశ మారిపోయి ఉంటుంది. తరువాత యంత్రానికి రెండు వైపులా అత్యంత బయటికి వచ్చిన చోట్ల నిటారుగా చెక్కపట్టెలు నిలబెట్టి, మూలమట్టంతో సరిచూసి, ఆ పట్టెల మధ్య దూరాన్ని కొలుస్తాడు. ఒక వైపు అంచు మోకాలి ఎత్తులోనూ రెండో వైపు అంచు భుజం ఎత్తులోనూ ఉన్న వస్తువుకు టేపును ఏటవాలుగా పట్టుకుంటే వచ్చే సంఖ్య పనికిరాదు. ఈ పట్టెల పద్ధతి పాటించే మనిషి అని తెలిస్తే నేను సగం నిశ్చింతగా ఉంటాను.

టేపు కొసన ఉండే కొక్కెం కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది. అది వదులైపోయిందని కొందరు సుత్తితో కొట్టి బిగించడం చూశాను. నిజానికి కొక్కెం మందం ఎంతో అంత కదలడానికే దాన్ని అలా అమరుస్తారు. అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నొక్కినా ఒకే కొలత రావడానికి ఆ కదలిక అవసరం. లేజర్ మీటర్లు పొడవాటి ఫ్రేములకు బాగా ఉపయోగపడతాయి. అయితే మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు మీద కిరణం సరిగా తిరిగి రాదు కనుక అవతలి కొసన ఒక అట్టముక్క పట్టుకోవాలి. ఆ అట్ట పట్టుకోవడానికి సహాయకుణ్ణి వెంట తెచ్చుకునే సంస్థలూ ఉన్నాయి, మన కుర్రాణ్ణి పిలవమనేవీ ఉన్నాయి.

ఈ సేవ విలువ నాకు స్పష్టంగా అర్థమైంది ఎత్తైన యంత్రాల విషయంలో. సాధారణ ఇరవై అడుగుల కంటెయినర్ లోపలి ఎత్తు సుమారు 2.39 మీటర్లు ఉంటుంది కానీ తలుపు ఎత్తు దాదాపు 2.28 మీటర్లే. లోపల పట్టే పెట్టె తలుపులోంచి పట్టకపోవచ్చు. మా నిలువు గేరుబాక్సు ఒకటి 2.12 మీటర్ల ఎత్తు ఉండేది. ఫోర్క్‌లిఫ్ట్ దూరడానికి కింద 100 మిల్లీమీటర్ల దుంగలు, వాటి మీద 40 మిల్లీమీటర్ల పలకలు, పైన 30 మిల్లీమీటర్ల ఖాళీ, కప్పు పట్టెలకు 50 మిల్లీమీటర్లు కలిపితే మొత్తం 2.34 మీటర్లు అయింది. కొలతకు వచ్చిన వ్యక్తి నిచ్చెన ఎక్కి, పైన ఉన్న వంపు పైపు ఫ్లాంజితో (బోల్టులు వేసే చక్రం లాంటి అంచుతో) బిగించి ఉందని, దానిని విప్పితే 150 మిల్లీమీటర్లు తగ్గుతుందని, తెరిచిన నోటిని బ్లాంక్ ఫ్లాంజితో, అంటే మధ్యలో దారి లేని మూతతో మూసి పైపును అదే పెట్టెలో విడిగా కట్టవచ్చని అక్కడికక్కడే రాసిచ్చాడు. పెట్టె 2.19 మీటర్లకు దిగింది. లేకపోతే ఎత్తు ఎక్కువగా ఉండే హైక్యూబ్ కంటెయినర్ కోసం వెతకవలసి వచ్చేది, లేదా పోర్టు దాకా వెళ్లిన సరుకు వెనక్కి వచ్చేది. విప్పిన పైపుకు సరిపడా చోటును కూడా ఆయన కొలతల కాగితంలో ముందే చూపించాడని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే విప్పిన భాగాలను చివర్లో ఎక్కడో ఒక మూల ఇరికించడం మన వైపు చాలా మామూలు.

బరువు సంగతి ఇంకా ముఖ్యమైనది. మోటారు, గేరుబాక్సు ఒకే ఫ్రేము మీద ఉన్నప్పుడు భారకేంద్రం నడిమధ్యన ఉండదు. ఒక కొసను చైన్ పుల్లీతో కొద్దిగా లేపి, పుల్లీకీ ఫ్రేముకూ మధ్యలో తగిలించిన హుక్కు కాటా మీద ఆ కొస మోసే బరువు చూసుకుంటే లెక్క తేలుతుంది. మొత్తం 1,800 కిలోల ఫ్రేము, ఆధారాల మధ్య 2.4 మీటర్ల దూరం, మోటారు వైపు కొస మోసేది 1,100 కిలోలు అనుకుంటే, భారకేంద్రం నడిమధ్య నుంచి మోటారు వైపు దాదాపు 27 సెంటీమీటర్లు జరిగి ఉన్నట్టు. ఆ గుర్తును పెట్టె బయట వేయకపోతే ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు సహజంగానే మధ్యకు గురిపెడతాడు, పెట్టె ఒరుగుతుంది. దుంగలు ఎక్కడ రావాలన్నదీ దీన్ని బట్టే నిర్ణయించాలి. ఫ్రేము కాళ్లు కింద ఆధారం లేని పలకల మీద కాకుండా, పలక కింద దుంగ ఉన్న చోటే పడాలి. 2016 జులై 1 నుంచి నింపిన ప్రతి కంటెయినర్ మొత్తం బరువునూ ధ్రువీకరించి ఇస్తేనే ఓడ ఎక్కిస్తున్నారు కనుక, కొలతలప్పుడే తూకం చేసిన నికర బరువు ప్యాకింగ్ లిస్టుకూ పనికొస్తుంది. లోపల తిరిగే భాగమైన రోటరును కదలకుండా బిగించారా అని కూడా మంచి కొలతగాడు అడుగుతాడు. వారాల తరబడి ఓడలో కదులుతూ ఉంటే, తిరగకుండానే బేరింగుల మీద గుంటలు పడతాయి.

విమాన సరుకులో అదనపు ఖాళీకి నేరుగా డబ్బు పడుతుంది. సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగించిన దానిని బరువుగా లెక్కిస్తారు. 120, 100, 90 సెంటీమీటర్ల పెట్టె 180 కిలోలుగా లెక్కకు వస్తుంది. ‘ఎందుకైనా మంచిది’ అని ప్రతి వైపు కొలతకూ పది సెంటీమీటర్లు కలిపితే అదే పెట్టె 238 కిలోలు దాటుతుంది. లోపలి వస్తువు అంత బరువు లేకపోయినా ఆ లెక్కకే కిరాయి కట్టాలి.

శిల్పాల విషయం వేరు. మా షెడ్డుకు దగ్గరలోనే రాతి విగ్రహాలు చెక్కే మిత్రుడు అమెరికాలోని ఒక గుడికి మకరతోరణంతో సహా విగ్రహం పంపినప్పుడు, మాకు కొలతలు తీసే వారినే పిలిపించాము. వారు ఎత్తు, వెడల్పుల కంటే ముందు ఎక్కడ తాకకూడదో అడిగారు. తోరణం అంచులు, చేతివేళ్లు, ఆయుధాల కొసలు ఒక్కొక్కటీ పీఠం నుంచి ఎంత ఎత్తులో, ఎంత బయటికి ఉన్నాయో కొలిచి, పెట్టెలో ఆనుడు పట్టెలు పీఠానికీ నడుముకూ మాత్రమే తగిలేలా గీసుకున్నారు. మెత్తటి ఫోమ్ చుట్టేస్తే చాలుననే మాట రాతికి పనికిరాదు. బరువంతా పీఠం మీదే నిలవాలి, పైభాగం చుట్టూ గాలే ఉండాలి. పని మీద గౌరవం ఉన్నవారు రాతి ముందు చేతులు ఎలా కదిలిస్తారో ఆ పూట చూశాను.

ఇక లోపాలు. ఒక సంస్థ తరఫున వచ్చిన అబ్బాయి ఫోన్‌లో ఫొటోలు తీసి, మూడు సంఖ్యలు రాసుకుని వెళ్లిపోయాడు. వచ్చిన పెట్టె అడుగుపలక మా పంపు డ్రెయిన్ ప్లగ్గుకు అడ్డం రావడంతో షెడ్డులోనే పలక కోయవలసి వచ్చింది, కోసిన చోట బలం పోయింది, పట్టీ వేసి మళ్లీ బిగించారు. ఆ నష్టాన్ని వారు భరించలేదు. అంగుళాల గొడవ ఇంకొకటి. కొలతలు తీసేవారు మిల్లీమీటర్లలో రాస్తారు, వడ్రంగులు అడుగులు, అంగుళాలలో కోస్తారు, మధ్యలో ఎవరో ఒకరు అంగుళానికి 25 చొప్పున నోటిలెక్క వేస్తారు. 80 అంగుళాల మీద ఆ తేడా 32 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే పెట్టె అనుకున్న దానికంటే అంత పెద్దదైపోతుంది. రాసిన కొలత పెట్టె లోపలిదా, బయటిదా అన్నది కాగితం మీద లేకపోవడం కూడా తరచుగా చూస్తున్నాను. వడ్రంగికి కావలసింది లోపలి కొలత, షిప్పింగ్ ఏజెంటుకు కావలసింది బయటి కొలత. ఉదయం వస్తామని సాయంత్రం, షెడ్డు లైట్ల వెలుతురులో రావడం మీద నా ఫిర్యాదు ఇప్పటికీ తీరలేదు.

విశాఖ గాలి సంగతి తెలిసిన సంస్థనే ఎంచుకోమని చెబుతాను. సముద్రపు తేమకు మెషినింగ్ చేసిన ఉపరితలాలు చూస్తుండగానే తుప్పు పడతాయి కాబట్టి యంత్రాన్ని తుప్పు నిరోధక ఫిల్ములోనో, గాలి తీసేసిన అల్యూమినియం రేకు సంచిలోనో మూయాలి. ఆ సంచి మడతలకు, తేమ పీల్చే సిలికా జెల్ సంచులకు చోటు ఉండాలి, బోల్టులు సంచిని చీల్చకుండా కింద రబ్బరు పొరలు రావాలి. ఇవన్నీ కొలతల దశలోనే కాగితం మీదికి ఎక్కాలి. దుంగలకు వాడే చెక్క సంగతి కూడా అప్పుడే తేల్చుకోవడం మంచిది. ఎగుమతి నియమాల ప్రకారం వేడితో శుద్ధి చేసే పద్ధతిలో అయితే చెక్క నడిభాగం వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాలు తగిలి, దానిపై ముద్ర పడి ఉండాలి. ప్లైవుడ్‌కు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది కానీ దాని కింద వేసే దుంగలకు లేదు. వేడి పెట్టిన చెక్క అంటే ఆరిన చెక్క అని అర్థం కాదు. పచ్చి చెక్కను మూసిన పెట్టెలో పెడితే దానిలోని తేమంతా యంత్రం వైపే వస్తుంది.

ఒకే నమూనాలో మళ్లీ మళ్లీ వెళ్లే వాల్వులకు, ప్యాలెట్ మీద పేర్చే పెట్టెలకు ఈ సేవ అక్కరలేదు. మొదటిసారి తీసిన కాగితం దాచుకుంటే సరిపోతుంది. ఆకారం సక్రమంగా లేనివి, టన్ను దాటినవి, పైకి పొడవుగా నిలిచేవి అయితే మాత్రం నేను ఇప్పటికీ మనిషిని పిలిపిస్తాను. పెట్టె వారి దగ్గరే చేయిస్తే కొలతల రుసుమును చాలామంది బిల్లులో తగ్గిస్తారు, ఆ మాట ముందే రాయించుకోవాలి. షెడ్డు తలుపు వెడల్పును, క్రేను హుక్కు ఎత్తును, లారీ నిలిచే చోటును కూడా కొలిపించి, కాగితం మీద వారి సంతకం, మన సంతకం వేయించుకుని, ఒక నకలు వడ్రంగి చేతికి నేరుగా ఇస్తున్నాను.